మా ఆయన అమ్మిన అరవై సెంట్లు

మా ఆయన నోటి నుంచి ఏ సరుకు గురించీ చెడ్డమాట రాదు. గజపతినగరం మెయిన్ రోడ్డులో మేము కిరాణా కొట్టు పెట్టి ముప్పై రెండేళ్లయింది. ఈ ముప్పై రెండేళ్లలో మా కొట్లో పుచ్చు కందిపప్పు లేదు, బూజు పట్టిన చింతపండు లేదు, మెత్తబడ్డ అప్పడం లేదు. అంటే ఉన్నాయి. ఆయన కంటికి కనబడవు, అంతే. పప్పులో పురుగు కనిపిస్తే మందు కొట్టలేదనడానికి అదే సాక్ష్యం అంటారు. ఉప్పు గడ్డకడితే సముద్రం నుంచి నేరుగా వచ్చిందంటారు. పెళ్లిచూపుల్లో నన్ను చూసి, దారిలో వాళ్లమ్మతో "ఫస్టు క్వాలిటీ" అన్నారట. అది విని నేను మురిసిపోయాను. కాపురానికి వచ్చిన వారానికి నల్లబెల్లం దిమ్మ గురించి ఎవరితోనో అదే మాట, అదే గొంతుతో చెబుతుంటే విని, రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆయన పేరు చంద్రమౌళి. నా పేరు కన్యకాపరమేశ్వరి. ఈ మనిషి చేత ఒక చెడ్డ నేలను చెడ్డదని చెప్పించడానికి 2016లో నేను పడిన పాట్లు పగవాళ్లకి కూడా వద్దు.

గజపతినగరానికి ఆరు కిలోమీటర్లలో చినమేడవలస ఉంది. ఆ ఊరి పక్కన, పెయింట్లలో కలిపే పసుపుపచ్చ రసాయనం పొడి తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. ఎక్కడివాళ్లో వచ్చి పెట్టారు, పదేళ్లు నడిపారు, ఒకరోజు గేటుకి తాళం కూడా వేయకుండా వెళ్లిపోయారు. పొడి మాత్రం గుట్టలుగా అక్కడే వదిలేశారు. హుద్‌హుద్ తుపానుకి పైరేకులు ఎగిరిపోయాక ఆ గుట్టలు వానకి తడిసి, నేలలోకి ఇంకడం ఇంకా ఎక్కువైంది. గేటు పక్కనున్న బోరింగు కొడితే నీళ్లు పసుపుపచ్చగా వస్తాయి. ఆ నీళ్లు తాగకూడదని ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. తెలియనివాడు ఒక్కడే, పెళ్లికి వచ్చిన ఒక చుట్టం. తెల్లపంచె అందులో జాడించి ఆరేసుకుని కట్టుకొచ్చాడు. పురోహితుడు అతన్నే పెళ్లికొడుకనుకుని పీటల మీద కూర్చోమన్నాడు.

ఆ ఫ్యాక్టరీ ఎనిమిది ఎకరాలూ, గోడ వెనకున్న అరవై సెంట్లూ బ్యాంకువాళ్లు వేలం వేస్తే మా ఆయన పాడుకున్నారు. గోడలు పడగొట్టి ప్లాట్లు వేస్తారట, వాటికి నా పేరే పెడతారట. నా పేరు పెట్టొద్దని దండం పెట్టాను. ఆ అవసరం రాలేదు. ప్లాట్లు ఎవరూ కొనలేదు.

కొన్నది ఒక్క దేముడమ్మ. చినమేడవలసలో రైతు. మనిషి బక్కపలచన, మాట మాత్రం గట్టిది. ఆమె పొలం ఊరికి దూరంగా మెట్ట మీద ఉంది. కూరగాయలు పండించుకోవడానికి ఊరి దగ్గర చిన్న నేలచెక్క కావాలని వెతుకుతుంటే మా ఆయన కంటపడింది. ఫ్యాక్టరీ గోడకి బయట, వెనకవైపు అరవై సెంట్లు చూపించారు. "చెత్తంతా గోడ లోపలప్పా. గోడ ఇవతల బంగారం" అన్నారు. మా వైపు అప్ప అంటే అక్క.

బంగారం కాదు. గోడ ఇవతల కూడా పైపైన గీకితే చాలు, పసుపే. అది ఆయనకి తెలుసు. తెలిసే, ఆమె చూడటానికి వచ్చే ముందు వారం, చెరువు నల్లమన్ను లారీల మీద లారీలు తోలించి పైన పరిపించారు. బస్తా మూతి దగ్గర మంచి గింజలు పోసి కట్టడం మా వ్యాపారంలో మామూలే. ఆయన నేలకి కూడా మూతి కట్టారు. లారీవాళ్లకి టీ పంపింది నేనే. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను.

మూడేళ్లు దేముడమ్మ ఆ చెక్కలో వంగ వేసింది, మిరప వేసింది, కాకర పాదు పెట్టింది. ఊళ్లోంచి మంచినీళ్లు మోసుకెళ్లి పోసింది. అన్నీ మొలిచేవి, జానెడు లేచేవి, వాడిపోయేవి. వారం వారం సబ్బులకీ ఉప్పుకీ మా కొట్టుకి వచ్చినప్పుడు నేనే అడిగేదాన్ని. "ఏటీ రాలేదమ్మా" అనేది. అంతకుమించి ఒక్క మాట అనేది కాదు. తిట్టినా బాగుండేది.

2016 వేసవిలో చినమేడవలస సర్పంచి నరసింగరావు మా కొట్టుకి పరుగెత్తుకొచ్చాడు. మోటారుసైకిలు స్టాండు కూడా సరిగా వేయలేదు.

"సావుకారూ, లాటరీ తగిలినట్టే. ఒగ్గేసిన ఫ్యాక్టరీల్లో నేల బాగుచెయ్యడానికి సర్కారు సొమ్మిస్తన్నాది. పాడైన మన్నంతా తవ్వి పట్టుకుపోతారంట. కొత్త మన్ను పోస్తారంట. మన పైసా అక్కర్లేదు."

"మన నేలకేం? బాగానే ఉందిగా" అన్నారు మా ఆయన.

నరసింగరావు నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

షరతులు నరసింగరావే చెప్పాడు. మేడమ్ ఒకావిడ విశాఖపట్నం నుంచి వచ్చి చూస్తుంది. నేల పాడైందని ఆమెకి నమ్మకం కలగాలి. యజమాని స్వయంగా ఒప్పుకోవాలి. యజమాని మధ్యలో ఎవరికైనా ముక్క అమ్మి ఉంటే, అమ్మేనాటికే అది పాడై ఉందని రాసివ్వాలి. అలా రాసిస్తే ఆ ముక్క కూడా బాగుచేస్తారు. లేకపోతే, కొన్నవాళ్లే పాడుచేసుకున్నారని వదిలేస్తారు.

ఆ చివరి షరతు వినగానే మా ఆయన లేచి వెళ్లి, ఎవరూ అడగకుండానే జీలకర్ర తూచడం మొదలుపెట్టారు. నాకు మాత్రం ఆ క్షణాన ఒక్కటే పట్టుకుంది. ఎనిమిది ఎకరాలు ఏ గంగలో కలిసినా సరే, దేముడమ్మ అరవై సెంట్లు ఆ కాగితంలో ఉండాలి.

మొదటిసారి మేడమ్ వచ్చిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మా వైపు పెద్ద ఆఫీసరు వస్తున్నారంటే ఊరు ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గులు పెట్టకుండా ఉండలేదు. అది కలెక్టరైనా, ఓటరు లిస్టు రాసుకునే మనిషైనా ఒకటే. నరసింగరావు తెల్లారకముందే ఇరవై మందిని దింపి ఫ్యాక్టరీ ఆవరణంతా అద్దంలా ఊడిపించాడు. గేటుకి మామిడి తోరణం కట్టించాడు. పసుపు గుట్టలు చూస్తే మేడమ్ ఏమనుకుంటుందోనని వాటి మీద పెళ్లి షామియానా కప్పించాడు. ఆడవాళ్లు గేటు నుంచి షెడ్డు దాకా ముగ్గులు వేశారు. ముగ్గుల్లో రంగు నింపడానికి పసుపు చాలకపోతే, ఎదురుగా గుట్టలు గుట్టలుగా ఉందిగా, షామియానా ఎత్తి చేటలతో తెచ్చుకున్నారు.

మేడమ్ పేరు పద్మకుమారి. నలభై ఏళ్లుంటాయి, కళ్లజోడు, చేతిలో పలక లాంటి ఫైలు. ముగ్గులు తొక్కకుండా అంచు వెంబడే నడిచి, "ఎంత బాగా వేశారమ్మా, ఆ పసుపు ఎంత నిండుగా ఉందో" అంది. ఫోటో కూడా తీసుకుంది. ఏ పొడిని వెతుక్కుంటూ విశాఖపట్నం నుంచి వచ్చిందో ఆ పొడినే మెచ్చుకుని ఫోటో తీసుకుని వెళ్లింది.

"నేల ఎలా ఉందండీ?" అని మా ఆయన్ని అడిగింది.

నేను వెనక నుంచి చీర కొంగు లాగాను. కొంగు నాదే, ఆయనకేం తెలుస్తుంది. ఆయన గుండెలు పొంగించి, "ఇలాంటి నేల ఈ జిల్లాలో లేదు మేడమ్. నాలుగువైపులా గాలి. రోడ్డుకి దగ్గర. మీకు ఒక ప్లాటు చూడమంటారా?" అన్నారు.

నెల తిరక్కుండా రిపోర్టు వచ్చింది. స్థలం శుభ్రంగా ఉంది, యజమాని సంతృప్తిగా ఉన్నారు, నిధులు అవసరం లేదు. కింద ముగ్గు ఫోటో అచ్చేశారు.

ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. నేను వెలిగించలేదు. నరసింగరావు విశాఖపట్నం వెళ్లి ఆఫీసు వరండాలో మూడు రోజులు కూర్చుని, శ్రావణమాసంలో మరొకసారి వచ్చి చూడటానికి మేడమ్‌ని ఒప్పించి వచ్చాడు. ఇదే ఆఖరుసారి అని ఆవిడ మరీ మరీ చెప్పిందట.

మా ఆయనకి పాఠాలు మొదలుపెట్టాను. రోజూ ఉదయం కొట్టు తీసిన వెంటనే ఏదో ఒక సరుకు చూపించి చెడుగా మాట్లాడమనేదాన్ని. మొదటిరోజు ఆవాలు. ఆయన డబ్బాలోకి చాలాసేపు చూసి, చెమట తుడుచుకుని, "వీటికన్నా మంచివి కూడా ఎక్కడో ఉండొచ్చు" అన్నారు. నాలుగోరోజుకి కాస్త దారికొచ్చారు. ఆ సమయానికి గురమ్మ పెసల కోసం వచ్చింది. నేను కళ్లతో సైగ చేశాను. ఆయన గుటకలు మింగి, "ఈ పెసలు అంత బాగోలేవు" అన్నారు.

గురమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "నువ్వు బాగోలేవన్నావంటే ఎవులికో దాసిపెట్టినావన్నమాట. కిలో అన్నాను గానీ, ఐదు కిలోలు కట్టు" అంది.

ఆ సాయంత్రానికి ఆ బస్తా ఖాళీ. ఆయనకి ఆ కిటుకు నచ్చేసింది. మర్నాడు రెండేళ్ల నుంచి అమ్ముడుపోని అగరువత్తుల్ని కూడా తిట్టి తిట్టి అమ్మేశారు. నేను తల పట్టుకున్నాను. చెడ్డదని చెప్పడం నేర్పమంటే, ఈయన దాంతో కూడా సరుకు అమ్ముతున్నారు.

రెండోసారి మేడమ్ వచ్చిన రోజు నరసింగరావు వేరే దారి పట్టాడు. ఊళ్లో ఎవరూ చీపురు ముట్టుకోకూడదని ముందురోజు దండోరా వేయించాడు. గేటు పక్కన గంగులు అనే ముసలాయన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టి, మేడమ్ దగ్గరికి వచ్చినప్పుడల్లా దగ్గమన్నాడు. దానికి టీ, పకోడీ ఒప్పందం. గంగులు నిజాయితీపరుడు. పకోడీ నములుతూ కూడా దగ్గాడు. మేడమ్ కంగారుపడి మంచినీళ్ల సీసా ఇచ్చి, "ఎన్నాళ్ల నుంచి ఇలా?" అని అడిగితే, "పొద్దున్న తొమ్మిది నుంచమ్మా" అన్నాడు.

వాన వెలిసింది. షామియానా లేదు కాబట్టి గుట్టల నుంచి పసుపు నీళ్లు కాలువలు కట్టి పారుతున్నాయి. ఊరంతా మేడమ్ మొహంలోకి చూస్తోంది. ఆవిడ కాసేపు చూసి పెదవి విరిచింది.

"పెద్దగా ఏం లేదే. ఇంతకన్నా ఘోరమైనవి చాలా చూశాం. జాబితాలో ఇరవై ఆరు స్థలాలున్నాయి. ఇది కిందివైపే ఉంటుందేమో."

మా ఆయన చెవులు నిక్కబొడుచుకోవడం నేను చూశాను. కొనేవాడు సరుకుని తీసిపారేస్తే ఏ వ్యాపారీ ఊరుకోడు. పంచె ఎగ్గట్టి ముందుకు వచ్చారు.

"కింది వైపా? మేడమ్, మీరు పైపైన చూసి అలాగనకండి. దీన్ని చేత్తో పట్టుకుని చూడండి. కాదు కాదు, పట్టుకోకండి, నేను చూపిస్తాను. మీరు చూసినవన్నీ వానకి కొట్టుకుపోయే రకాలు. ఇది పద్దెనిమిదేళ్ల నిలవ సరుకు. రంగు ఇసుమంతైనా తగ్గిందేమో చెప్పండి. హుద్‌హుద్‌కి పైకప్పు పోయింది గానీ ఇది పోలేదు. మూడు జిల్లాలు తిరిగినా ఇలాంటి కాలుష్యం మీకు దొరకదు. కల్తీ అన్న మాటే లేదు."

"కల్తీ లేదా?" అంది మేడమ్.

"మచ్చుకి కూడా లేదు. ఆ బోరింగు కొట్టండి మేడమ్. తెల్లగుడ్డ ముంచండి. ఉతికాక రంగు పోతే నా పేరు మార్చుకుంటాను." ఇంకా నమ్మకం కుదరదేమోనని జేబులోంచి పాత పేపరు ముక్క తీసి, రేకుతో ఇంత పొడి ఎత్తి, చకచకా పొట్లం కట్టి, దారం చుట్టి, ఆవిడ ఫైలు మీద పెట్టారు. "శాంపిలు. మీ పెద్దవాళ్లకి చూపించండి."

మేడమ్ ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆ తర్వాత మాత్రం ఆవిడ పని ఆవిడ చేసింది. మనుషుల చేత పొడుగాటి ఇనుప గొట్టం నేలలోకి దింపించి, ఎనిమిది ఎకరాల్లో పదిచోట్ల మన్ను తీయించింది. తీసిన ప్రతిచోటా పసుపే. అలా తేలిన ప్రతిసారీ మా ఆయన చుట్టూ చూసి "చెప్పానా" అన్నారు. ఎనిమిది ఎకరాలూ పథకానికి పనికొస్తాయని మేడమ్ అక్కడికక్కడే రాసుకుంది. నరసింగరావు గంగులికి ఇంకో పకోడీ ఇప్పించాడు.

అప్పుడు గోడ అవతల నుంచి దేముడమ్మ వచ్చింది. "తల్లీ, నా సెక్కలో కూడా ఓపాలి ఆ గొట్టం దింపండి" అంది.

మా ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది.

అందరం గోడ వెనక్కి వెళ్లాం. గొట్టం దిగింది. మన్ను బయటికి తీసి ఒక చెక్కపలక మీద పరిచారు. పైన రెండు జానలు నల్లటి మన్ను, నిగనిగలాడుతూ. కింద పసుపు. మధ్యలో కత్తితో కోసినట్టు గీత.

"ఈ నల్లమన్ను ఇక్కడిది కాదు. తెచ్చి పోసింది" అంది మేడమ్. "ఎవరు పోశారు? ఎప్పుడు? అమ్మా, మీరు కొన్న తర్వాత పోయించారా? అలా అయితే ఈ ముక్క నేను రాయలేను. కొనకముందు పోసిందైతే రాయొచ్చు. కానీ ఆ మాట అమ్మినవాళ్లు చెప్పాలి."

దేముడమ్మకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. నల్లమన్ను వైపు, మేడమ్ వైపు మార్చి మార్చి చూసింది. ఊరంతా మా ఆయన వైపు చూసింది. నాకు నోటిదాకా వచ్చింది. నేనే చెప్పేద్దును. కానీ కాగితాల మీద అమ్మింది ఆయన, చెప్పాల్సింది ఆయన. మాట్లాడకపోతే ఇంటికి వెళ్లాక ఏం చేయాలో మనసులో అనుకుంటూ నిలబడ్డాను. అనుకున్నవేవీ ఇక్కడ రాయదగ్గవి కావు.

"అది మేడమ్..." అన్నారు మా ఆయన. గొంతులో అలవాటైన తీపి వచ్చింది. "అది చెరువు మన్ను. మంచి సారవంతమైన..." అని ఆగిపోయారు. పలక మీదున్న గీత వైపు చూశారు. దేముడమ్మ వైపు మాత్రం చూడలేదు. "నేనే పోయించాను. అమ్మకముందే. కింద పసుపుందని తెలిసే పోయించాను. ఈ నేల బాగోలేదు."

గురమ్మకి పెసల గురించి చెప్పినప్పటి గొంతు కాదది. ఇందులో అమ్మకం లేదు. ఆ మాట అని ఆయన చిన్నవాడైపోయినట్టు కనిపించారు. మేడమ్ కాగితం ఇస్తే రాసి, సంతకం పెట్టారు. నాకు ఆయన మీద జాలి వేసింది, కోపం కూడా తగ్గలేదు.

"అయితే ఇది కూడా రాసుకుంటున్నాను" అంది మేడమ్.

దేముడమ్మ సంతోషిస్తుందనుకున్నాం. మా ఆయన్ని తిడుతుందని కూడా అనుకున్నాం. ఆమె రెండూ చేయలేదు. గట్టు మీద మెల్లిగా కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని వాటినే చూసుకుంది.

"అయితే నా సేతుల్లో తప్పులేదన్నమాట" అంది.

"ఏం తప్పప్పా?" అన్నారు మా ఆయన, అర్థంకాక.

"మా ఊళ్లో వరి ఊడుపులకి మొదటి మొక్క నాసేత పెట్టించీవోరు బాబూ. ఇరవై ఏళ్లు. నా సెయ్యి మంచిదని. నువ్వేమో నేల బంగారమన్నావు. అంత మంచి నేలలో నాను పెట్టినవన్నీ సచ్చిపోతంటే మరేటనుకుంటాను? నా సేతికే ఏదో పట్టిందనుకున్నాను. ఈ మూడేళ్లూ ఎవులు పిలిసినా ఎల్లలేదు. నాను ముట్టుకుంటే ఆళ్ల పంట కూడా పోతాదని."

మా ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకుని ఆమె ముందు నిలబడ్డారు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అరవై సెంట్లే పాడయ్యాయనుకున్నాను ఇన్నాళ్లూ.

దేముడమ్మ లేచి చీరకి అంటిన మట్టి దులుపుకుంది. నరసింగరావు వైపు తిరిగి, "ఎల్లుండేనా బాబూ నీ మడిలో ఊడుపులు?" అని అడిగింది.

అతను తలూపాడు.

"నాను వస్తాను" అంది.